జిగురు చేప ఒంటి మీదే మందు

"జిగురు కడిగెయ్యకండమ్మా, తామర మీద రాస్తే నాలుగు రోజుల్లో రాలిపోద్ది." కొర్రమీను కోసే చోట ఈ మాట తెనాలిలో విన్నాను. రైలెక్కి రేపల్లెలో దిగితే అక్కడా ఇదే మాట. బాపట్లకు వెళ్లేసరికి దానికి చదువుకున్నవాళ్ల ముద్ర కూడా పడింది. "ఊరికే అంటారా? చేప జిగురు ఫంగస్‌ను చంపుతుందని సైంటిస్టులే తేల్చారు."

సైంటిస్టులు తేల్చింది అది కాదు. వాళ్లు కనిపెట్టింది వేరు, మార్కెట్టు దాకా నడిచొచ్చేసరికి అది మారిన రూపు వేరు. పోయిన వానాకాలం మా బంధువుల కుర్రాడొకడు, రేపల్లె దగ్గర చేపల చెరువుల మీద పనిచేసేవాడు, మొలతాడు కింద తామరతో మా ఇంటికొచ్చాడు. మూడు వారాలు కొర్రమీను జిగురు పట్టించాడట. మొదట రూపాయి బిళ్లంత ఉన్న మచ్చ నడుము చుట్టూ పాకింది. గోకిన చోటల్లా చీము పట్టింది. డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదంటే, "ఇది సైన్సే కదా బాబాయ్" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఖండన రాస్తున్నాను.

ముందు నిజాన్ని నిజంగా ఒప్పుకుందాం. చేప జిగురు ఒట్టి బంక కాదు. చేప చర్మంలో గాబ్లెట్ కణాలని ఉంటాయి. అవి మ్యూసిన్ అనే చక్కెర పట్టిన ప్రోటీన్‌ను ఊరిస్తుంటాయి. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బితే మన చేతికి తగిలే జిగురవుతుంది. అందులో బాక్టీరియా గోడల్ని కోసే లైసోజైమ్ ఉంది, సూక్ష్మజీవుల ఒంటి మీది చక్కెరలను పట్టుకునే లెక్టిన్లున్నాయి, చేప సొంత యాంటీబాడీలున్నాయి, చిన్న చిన్న పెప్టైడ్లున్నాయి. 1997లో అమెరికాలో వింటర్ ఫ్లౌండర్ అనే బల్లపరుపు సముద్రపు చేప జిగురులోంచి 25 అమైనో ఆమ్లాల పెప్టైడును వేరుచేసి ప్లూరోసిడిన్ అని పేరు పెట్టారు. అది కాండిడా అనే ఫంగస్‌ను కూడా చంపుతుందని తర్వాత తేలింది. మన దేశంలోనే మట్టగిడస, ఎర్రమోసు జిగుళ్లను సూక్ష్మజీవుల మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. కాబట్టి ఈ సంగతి కల్పన కాదు. హేతువాదం పేరుతో "అంతా ఒట్టి మూఢనమ్మకం" అని కొట్టిపారేసేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి తిరిగిన తెనాలిలో హేతువాదమంటే రుజువు అడగడం. రుజువు సగం ఉన్నప్పుడు ఆ సగాన్ని ఒప్పుకోవడం కూడా అందులో భాగమే.

ఆ మిగతా సగం దగ్గరే మోసం జరుగుతోంది. ల్యాబులో జిగురు ఎలా తీస్తారో చూడండి. చేపకు ముందు రోజు మేత ఆపుతారు. మత్తిచ్చి, కాస్త ఉప్పునీళ్లు పోసిన పాలిథిన్ సంచిలో ఉంచి మెల్లగా కదుపుతారు, లేదా వీపు మీద, పక్కల మీద చెంచాలాంటి పరికరంతో పైపైన గీకుతారు. పొట్ట వైపు తాకరు, పెంట కలుస్తుందని. తర్వాత దాన్ని గిర్రున తిప్పి మడ్డి తీసేస్తారు, చలిలో ఎండబెట్టి పొడి చేస్తారు, ఆమ్లంలోనో ఆల్కహాలులోనో నానబెట్టి సారం తీస్తారు. పరీక్షకు పెట్టేది ఆ సారం. ఇది మార్కెట్లో కత్తిపీట మీద కారే జిగురు కాదు. ఆ పీట మీద పేగులుంటాయి, రక్తముంటుంది, పొద్దుటి నుంచి కోసిన ఇరవై చేపల కడుగునీళ్లుంటాయి.

సారం ఎలా తీశారన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. కెనడాలో కొన్ని రకాల చేపల జిగుళ్లను ఆమ్లంతో ఒకసారి, సేంద్రియ ద్రావకంతో ఒకసారి, ఒట్టి నీళ్లతో ఒకసారి తీసి పోల్చారు. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆమ్లపు సారాల్లో కొన్ని బాక్టీరియాను చంపాయి. ద్రావకపు సారాల్లో కొన్ని ఎదుగుదలను ఆపాయి. నీళ్లతో తీసిన సారంలో ఏ ప్రభావమూ కనిపించలేదు. మన కుర్రాడు నడుముకు పట్టించింది దేన్ని? నీళ్లలో నానిన జిగురును. ఇంకో మెలిక కూడా ఉంది. ఆమ్లంతో తీసినప్పుడు ఆ ఆమ్లం కాస్త మిగిలిపోయినా ఫంగస్ చస్తుంది. అప్పుడు చంపింది జిగురా, ఆమ్లమా అని తేల్చుకోవడానికి ఒట్టి ఆమ్లాన్ని పక్కన పెట్టి చూడాలి. చిన్న కాలేజీ ప్రాజెక్టుల్లో ఈ పోలిక తప్పిపోవడం తేలిక.

ఇక పరీక్ష చేసే పళ్లెం సంగతి. గాజు పళ్లెంలో అగర్ పోసి, పైన ఫంగస్ పరిచి, సారంలో ముంచిన చిన్న కాగితం బిళ్ల పెడతారు. రెండు రోజులకు బిళ్ల చుట్టూ ఫంగస్ పెరగని తేట వలయం వస్తే దాని వెడల్పు మిల్లీమీటర్లలో కొలుస్తారు. మంచి పరీక్షే. కానీ చాలాచోట్ల పళ్లెంలో ఉండేది కాండిడా, లేదంటే ఆస్పర్జిల్లస్. తామర తెచ్చేది ట్రైకోఫైటాన్. మొదటిది నోట్లో, మర్మావయవాల దగ్గర తెల్లగా పూసే ఈస్టు. రెండోది రొట్టె మీద, వేరుశనగ మీద పట్టే బూజు. మూడోది కెరటిన్ తిని బతికేది, మన చర్మం పై పొరలో, వెంట్రుకలో, గోరులో ఇల్లు కట్టుకునేది. ఒకదాన్ని ఆపిన సారం ఇంకోదాన్ని ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆపుతుందనే అనుకుందాం. అది అక్కడికి చేరాలి కదా! తామర ఫంగస్ చచ్చిన పై పొరలోనే ఉన్నా, ఆ పొరే మన ఒంటికి గోడ. 500 డాల్టన్ల బరువు దాటిన అణువు ఆ గోడలోంచి సులువుగా దిగదని చర్మవైద్యంలో ఒక లెక్క. తామరకు వాడే టెర్బినఫిన్ అణువు బరువు దాదాపు 291. అది కెరటిన్‌లోకి దిగి వారాల తరబడి అక్కడే నిలుస్తుంది. ప్లూరోసిడిన్ బరువు సుమారు 2,700. మ్యూసిన్ల బరువైతే లక్షల్లో ఉంటుంది. పైగా పెప్టైడ్లను ముక్కలు చేసే ఎంజైములు జిగురులోనే ఉన్నాయి. గిన్నెలో తీసి పెట్టిన జిగురు తన మందును తానే తినేస్తూ పోతుంది.

తామర ఉన్న మనుషులకు పచ్చి చేప జిగురు రాసి, రాయనివాళ్లతో పోల్చి, ఇన్నివారాల్లో ఇంతమందికి నయమైందని చూపిన పరీక్ష ఏదన్నా ఉంటే చూపించమని ఈ మాట చెప్పిన ప్రతివారినీ అడిగాను. ఎవరూ చూపించలేదు. పళ్లెంలో తేట వలయానికీ ఒంటి మీద నయమైన మచ్చకూ మధ్య ఏళ్ల పని ఉంటుంది. అది జరగకముందే "ఫంగస్‌కు చెక్" అని శీర్షిక పెట్టేవాళ్లు జనానికి అపకారం చేస్తున్నారు.

సైంటిస్టుల మాట పక్కన పెట్టినా, కొర్రమీను సాక్ష్యం ఉంది. 1988లో మన దేశంలోకి ఈశాన్యం నుంచి చేపల పుండ్ల తెగులు ప్రవేశించింది. ఎర్రమచ్చగా మొదలై, కండ కుళ్లి, ఎముక కనిపించేదాకా తినేసే తెగులు. మన కొల్లేరు, మన చెరువులు కూడా దాన్ని చూశాయి. ఆ రోజుల్లో పుండ్లతో తేలిన చేపలను చూసి జనం చేపలు తినడమే మానేశారు. దాని మూలం అఫానోమైసిస్ ఇన్వాడన్స్ అనే నీటిబూజు. ఆ తెగులుకు అన్నిటికంటే ఎక్కువగా బలైన చేపల్లో ఒకటి కొర్రమీను. ఏ జిగురైతే మన తామరను రాల్చేస్తుందంటున్నారో, ఆ జిగురును ఒళ్లంతా పూసుకుని పుట్టిన చేప, రోజంతా కొత్తగా ఊరించుకునే చేప, బూజుకు కుప్పకూలింది. అదే తెగులును తిలాపియా, పాలబొంత లాంటివి బాగా తట్టుకున్నాయి. వాటికీ జిగురుంది. తేడా జిగురు మందంలో లేదు, చర్మం లోపల రక్తకణాలు బూజును చుట్టుముట్టి కట్టేసే తీరులో ఉంది.

దీనికొక జవాబు చెబుతారని తెలుసు: "అది ఫంగస్ కాదు, నీటిబూజు కదా!" సరిగ్గా అక్కడికే వస్తున్నాను. చేపల మీద పత్తిలా పూసే సాప్రోలెగ్నియా, పుండ్లు తెచ్చే అఫానోమైసిస్ చూడటానికి ఫంగస్‌లా ఉన్నా అసలు ఫంగస్‌లు కావు. వాటి గోడలో ఉండేది సెల్యులోజ్, ఫంగస్ గోడలో కైటిన్. పొన్నూరు, బాపట్ల పక్కల ఆకుతోటలు వేసినవాళ్లకు వీటి చుట్టం బాగా తెలుసు. తమలపాకు తీగను మొదట్లో కుళ్లబెట్టి ఎండగొట్టే ఫైటోఫ్తోరా ఈ కుటుంబంలోదే. మామూలు ఫంగస్ మందులు చాలావరకు ఫంగస్ పొరలోని ఎర్గోస్టెరాల్ మీద పనిచేస్తాయి కాబట్టి వీటి మీద సరిగా పారవు. అంటే "ఫంగస్" అన్న ఒక్క మాట కింద మనం మూడు నాలుగు వేరు వేరు జీవుల్ని కలిపేశాం. చేప శత్రువు వేరు, ల్యాబు పళ్లెంలోది వేరు, మన నడుము మీదిది వేరు. చేపను దాని శత్రువు నుంచే పూర్తిగా కాపాడలేని జిగురు, ఎన్నడూ చూడని మన శత్రువును చంపుతుందని ఏ లెక్కన అంటారు?

ఇక్కడ 1998లో కొరియాలో కనిపెట్టిన సంగతి చెప్పాలి. ఈ విషయమంతటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అక్కడి ఒక జెల్ల చేపకు గాయం చేసి చూశారు. గాయమైన చర్మంలో 19 అమైనో ఆమ్లాల పెప్టైడ్ పుట్టింది. దానికి పారసిన్ అని పేరు పెట్టారు. అది ఎక్కడి నుంచి వచ్చింది? కణంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రోటీన్‌ను, గాయం తగలగానే ఒక ఎంజైమ్ కోస్తే వచ్చింది. బాక్టీరియానీ ఫంగస్‌నీ రెంటినీ అది కొట్టింది. దీని అర్థం ఆలోచించండి. చేప జిగురు సీసాలో పోసిన మందు లాంటిది కాదు. అది బతికున్న చర్మం అప్పటికప్పుడు చేసే పని. దెబ్బ తగిలితే ఒకటి, పురుగు పడితే ఇంకొకటి, నీళ్లు మారితే మరొకటి. పాతది జారిపోతుంటే కొత్తది ఊరుతుంది, జారిపోయే జిగురుతో పాటే అంటుకున్న సూక్ష్మజీవులూ కొట్టుకుపోతాయి. చేప చచ్చాక ఆ కార్ఖానా ఆగిపోతుంది. ఆ తర్వాత మిగిలే జిగురు బాక్టీరియాకు తిండి.

ఈ సంగతి మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తాజా చేప జిగురు తేటగా ఉంటుంది, నిలవ చేప జిగురు పాలిపోయి తెల్లగా, వాసనతో ఉంటుంది. చేప పాడవడం మొదలయ్యేది మొప్పల దగ్గర, చర్మం మీది జిగురులోనే. అందుకే బొమ్మిడాయిల్ని పొయ్యి బూడిద, కళ్లుప్పు వేసి జిగురు పోయేదాకా రుద్ది రుద్ది కడుగుతారు.

"మరి ఫలానా ఆయనకు తగ్గింది కదా!" అనేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. వాళ్లు అబద్ధాలాడటం లేదు. తామర గుండ్రంగా బయటికి పాకుతుంది. అంచు ఎర్రగా పొక్కుతుంది, నడిమి భాగం దానంతటదే తేటపడుతుంది. ఏం రాసినా నడిమి మచ్చ "పోయినట్టు" కనిపిస్తుంది. వానలు వెనక్కి తగ్గి, చెమట ఆరే రోజులు వస్తే దురద తగ్గుతుంది. చల్లటి జిగురు తగిలితే కాసేపు మంట చల్లారుతుంది. జిగురుతో పాటు పసుపు కలిపినవాళ్లున్నారు, మెడికల్ షాపు క్రీమ్ రాస్తూనే జిగురు రాసినవాళ్లున్నారు. ఏది తగ్గించిందో వాళ్లకూ తెలియదు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదాన్ని కూడా కొందరు సాక్ష్యంగా తెస్తారు. అది ఆయాసం కోసం మింగేది. దానికీ తామరకూ ఏ సంబంధమూ లేదు.

బ్రెజిల్‌లో కాలిన గాయాలకు తిలాపియా చర్మం వేస్తున్నారు కదా అనేది ఇంకో వాదం. వేస్తున్నారు, నిజమే. ఆ చర్మాన్ని శుభ్రం చేసి, క్రిమిసంహారకాల్లో ముంచి, గ్లిసరాల్ పట్టించి, గామా కిరణాలతో సూక్ష్మజీవి అన్నది లేకుండా చేసి వేస్తారు. ఐస్‌లాండ్ కంపెనీ ఒకటి కాడ్ చేప చర్మాన్ని కణాలన్నీ తీసేసి పుండ్లకు అమ్ముతోంది. ఈ రెండుచోట్లా పనిచేసేది కొల్లాజెన్ అల్లిక. జిగురును మొదటే కడిగి పారేస్తారు. మలేషియాలో పేరున్న కొర్రమీను మందులు కూడా ఎక్కువగా కండ నుంచి తీసిన సారాలే.

ఇక "సహజమైంది కదా, పనిచేయకపోయినా నష్టమేముంది" అనే మాట. ఈ మాటే నాకు అన్నిటికంటే భయం కలిగిస్తుంది. చేప చర్మం మీద, చెరువు నీళ్లలో ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది. నిజాంపట్నం వైపు ఉప్పుటేరు నీళ్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. చక్కెర జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు అవి పుండులోంచి రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. 1995 చివర్లో కెనడాలోని టొరంటోలో తిలాపియా చేపలు శుభ్రం చేస్తూ చేతికి గాయమైనవాళ్లకు స్ట్రెప్టోకాకస్ ఇనియే అనే బాక్టీరియా సోకి చేతులు వాచిపోయి ఆసుపత్రిలో చేరారు. మైకోబాక్టీరియం మారినం అని క్షయ క్రిమికి దగ్గరి చుట్టం ఒకటుంది. అది చేపల నుంచి గీసుకున్న చర్మంలోకి దిగితే గడ్డలు లేస్తాయి, నెలల తరబడి మందులు వాడాలి. తామర ఉన్నవాడు గోకకుండా ఉండడు. గోకితే చర్మం చీలుతుంది. చీలిన చర్మానికి చేప జిగురు పూయడమంటే తలుపు తీసి పిలవడమే. చేప జిగురంతా చేప మేలు కోసమే తప్ప మన మేలు కోసం కాదు. ఎర్రసముద్రపు మోసెస్ సోల్ అనే చేప జిగురులోని పార్డాక్సిన్ మనిషి ఎర్ర రక్తకణాలను కూడా పగలగొడుతుంది.

ఒక విషయంలో మాత్రం జిగురు రాసేవాళ్ల కోపం న్యాయమైందే. "షాపు క్రీముల్తో మాకు తగ్గలేదు" అంటారు. తగ్గదు. చాలా ఏళ్లుగా మన దగ్గర అమ్ముడుపోయిన ఆ గొట్టాల్లో ఫంగస్ మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉండేది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్‌కు అడ్డు కూడా పోతుంది, ఆపగానే రెట్టింపుగా పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. ఈలోగా తామర ఫంగస్ కూడా మొండికెత్తింది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని కొత్త పేరుతో గుర్తించిన రకంలో చాలా వాటికి టెర్బినఫిన్ పారదు. కొత్త మందులు కావాలన్నది నిజం. చేప జిగురులోని పెప్టైడ్ల నుంచి రేపు ఒక మందు రావచ్చు కూడా. నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల పిల్లలు ఆ పని చేస్తే నేను సంతోషిస్తాను. ఏ చేప, ఏ ద్రావకం, ఏ ఫంగస్, ఎంత మోతాదు, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు బిళ్ల పక్కన పెడితే వలయం ఎంత, మనిషి రక్తకణాలకు హాని ఎంత అన్నవన్నీ రాయాలి. రాసింది చదివి "మందు దొరికింది" అని ఊరంతా చాటకూడదు.

చేపల రైతులకూ ఒక మాట ఉంది. ఈ జిగురు సైన్సులో నేరుగా డబ్బు మిగిల్చే సంగతి మీకే ఉంది. వల లాగేటప్పుడు, చేపపిల్లల్ని ట్రేల్లో మోసేటప్పుడు జిగురు రాలితే, చలికాలంలో అక్కడే బూజు పడుతుంది, ఎర్రమచ్చ లేస్తుంది. నీళ్లు పులిస్తే జిగురు పొర దెబ్బతింటుంది, అందుకే చెరువులో సున్నం వేస్తారు. ముడి లేని మెత్తటి వల వాడండి, పొడి చేతులతో చేపను పట్టకండి, ఎండెక్కాక పట్టుబడి పెట్టకండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ పుండ్ల తెగులుకు సీఫాక్స్ అనే మందు తయారుచేసింది. వ్యాధి వచ్చాక వాడటానికి అది ఉంది. రాకముందు కాపాడేది మాత్రం చేప ఒంటి మీద చెక్కుచెదరని ఆ పొరే.

మా కుర్రాడు ఇప్పుడు చర్మవైద్యుడు రాసిచ్చిన మాత్రలు వాడుతున్నాడు. మొలతాడు తీసేశాడు. తువ్వాలు వేరుగా పెట్టుకున్నాడు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తున్నాడు. వాళ్లమ్మకూ చెల్లికీ కూడా మచ్చలున్నాయని తేలింది. ముగ్గురూ కలిసి మందు మొదలుపెట్టాక గానీ దురద తగ్గలేదు. మీ ఇంట్లో ఎవరికైనా గుండ్రంగా, అంచు పొక్కిన మచ్చ కనిపిస్తే చేపల మార్కెట్టుకు కాకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఇంట్లో అందరూ చూపించుకోండి. మచ్చ పోయినట్టు కనిపించినా డాక్టరు చెప్పిన చివరి రోజు దాకా మందు ఆపకండి.